డాబా మీది అడుగులు

తెలుగులో ఇంటి పైభాగానికున్న పేర్లను ఒకచోట పేర్చి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. పూరిల్లు, తాటాకుల ఇల్లు, పెంకుటిల్లు అన్నప్పుడు ఆ పైభాగం కేవలం కప్పు. ఎండనూ వాననూ ఆపడమే దాని పని. ఏటికొకసారి పెంకులు సర్దడానికి వచ్చే పనివాడూ, పిలవకుండా వచ్చే కోతులూ తప్ప దాని మీదికి ఎవరూ ఎక్కరు. మిద్దె, మేడ, డాబా అన్నప్పుడు మాత్రం మనస్సులో మెదిలేది ఒక చోటు. డాబా మీద పక్కలు వేసుకుంటాం. మిద్దె మీద వడియాలు పెడతాం. మేడ మీద కూర్చుని పరీక్షలకు చదువుకుంటాం. కింద ఉన్నవాడికి అది ఇంటి కప్పు, పైన ఉన్నవాడికి కాళ్ళ కింది నేల. ఒకే పలక రెండు కొలువులు చేస్తూ ఉంటుంది.

ఈ రెండు కొలువులకూ పొత్తు కుదరదు. వాననీటిని ఆపవలసిన కప్పుకు పైపొర చెక్కుచెదరకుండా ఉండాలి. నేలకు అరుగుదల సహజం. అడుగు పడిన ప్రతిచోటా ఏదో ఒక పొర కంటికి కనిపించనంతగానైనా అరుగుతూనే ఉంటుంది. వీధి అరుగు అరిగితే నునుపు తేలిందని మురుసుకుంటాం. డాబా అరిగితే ఆ అరిగిన చోటునుంచే నీరు దిగి, కింది గదిలో మంచం జరుపుకోవలసి వస్తుంది. మనుషులు నడిచే కప్పును ఆ నడక బారినుంచి కాపాడుకోవడమెలా అన్న ప్రశ్న సమతలపు కప్పు పుట్టిననాడే పుట్టింది. దానికి తరతరాలుగా చెప్పుకున్న సమాధానాలే ఈ వ్యాసానికి విషయం.

ఇందుకు హైదరాబాదు నడుమనున్న అమీర్‌పేట, పంజగుట్టలను ఎన్నుకోవడానికి ఒక కారణం ఉంది. రెండు మూడు కిలోమీటర్ల మేరలోనే అక్కడ నూటయాభై ఏళ్ళ కప్పుల చరిత్ర పరచుకొని ఉంది. సున్నపు గచ్చు వేసిన నవాబుల మేడ ఒక కొసన, హౌసింగ్ బోర్డు వారి కాలనీలు మరో కొసన, నడుమ ఎనభైల నాటి అపార్ట్‌మెంట్లు, వాటి మీద రేకుల గదులు, వాటి మీద సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకునే పిల్లలు ఆరేసుకున్న బట్టలు. ఇన్ని తరాల కప్పులు ఇంత దగ్గరగా కనిపించే చోట్లు మన నగరంలో తక్కువ.

*

పాత కథతో మొదలుపెడదాం. పదిహేడవ శతాబ్దంలో గోలకొండ రాజ్యానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, హైదరాబాదు రాజప్రాసాదం పైన తోటలను చూసి విస్తుపోయాడు. అంత పెద్ద చెట్ల బరువును కింది కమానులు ఎలా మోస్తున్నాయో అని ఆశ్చర్యపడుతూ రాసుకున్నాడు. ఆ ప్రాసాదాలు ఇప్పుడు లేవు. కానీ ఆయన ఆశ్చర్యంలో మనకు పనికివచ్చే విషయం ఒకటుంది. కుతుబ్‌షాహీల నాటి తాపీపనివారు కప్పును మూతగా భావించలేదు. పైన మట్టి పోస్తారు, నీళ్ళు పోస్తారు, మనుషులు తిరుగుతారు అని ముందే లెక్కవేసుకొని, మోయగలిగినట్లుగా కట్టారు.

ఆ పద్ధతే పెద్దగా మారకుండా ఆసఫ్‌జాహీల కాలానికి వచ్చింది. పంజగుట్ట దాటి ఖైరతాబాదు వైపు వెళ్ళేటప్పుడు గుట్టమీద కనిపించే ఎర్రమంజిల్‌ను 1870 ప్రాంతంలో నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించాడు. ఇరం అనేది పారసీ సాహిత్యంలో స్వర్గతుల్యమైన ఉద్యానం పేరు. ఎర్రటి గుట్టమీది మేడ కనుక తెలుగువారి నోట అది ఎర్ర మంజిల్ అయిందంటారు. పంజగుట్ట అన్న పేరులోనూ ఇదే కలయిక ఉంది. పంజ్ అంటే పారసీలో అయిదు, గుట్ట మనదే. ఊళ్ళ పేర్లలో కలిసిన ఈ రెండు సంప్రదాయాలు కట్టడపు పనిలో అంతకుముందే కలిసిపోయాయి. గచ్చు, సుర్ఖీ, కమాను వంటి మాటలు తెలుగు తాపీపనివారి నోట స్వంత మాటల్లాగే వినిపిస్తాయి.

ఆనాటి మిద్దె కట్టే విధానం తెలుసుకుంటే, అడుగుల విషయంలో వారికెంత ముందుచూపు ఉండేదో అర్థమవుతుంది. గోడ మీదినుంచి గోడ మీదికి టేకు దూలాలు వేసేవారు. వాటిపైన ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో, సున్నంతో అతికేవారు. దానిపైన ఇటుక ముక్కలు, సున్నం కలిపిన కాంక్రీటు పరిచేవారు. ఆ సున్నం మామూలు సున్నం కాదు. ఎద్దు తిప్పే గానుగలో ఇసుకతోనో ఇటుకపొడితోనో కలిపి వెన్నలా నూరిన డంగు సున్నం. అందులో బెల్లపు నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు కలిపేవారు. కొన్నిచోట్ల మారేడు గుజ్జు, మినప్పిండి కూడా చేర్చేవారు. ఆ తరువాత మొదలయ్యేది అసలు పని. కూలీలు, ఎక్కువగా స్త్రీలు, వరుసగా కూర్చుని చెక్క బద్దలతో ఆ కాంక్రీటును రోజుల తరబడి కొట్టేవారు. మధ్యమధ్య కరక్కాయ నీళ్ళు చల్లుతూ, బద్ద పైకి ఎగిరి మోగేదాకా కొట్టాలి. చివరకు పైన పలుచని పలక పెంకులను రెండు మూడు వరుసలుగా, కింది వరుస సందు పై వరుస సందుతో కలవకుండా, సున్నంలో పరిచేవారు. లేదా గచ్చు వేసి మెరుగు పెట్టేవారు. మొత్తం కలిపి ఇంచుమించు అడుగు మందం.

ఈ పొరల్లో ఒక్కొక్కదానికీ ఒక్కొక్క పని అప్పగించారు. దూలాలు బరువు మోస్తాయి. కొట్టిన సున్నపు కాంక్రీటు నీటిని ఆపుతుంది, ఎండవేడిని కిందికి దిగనీయదు. పై పెంకులు అడుగుల తాకిడిని తాము భరిస్తాయి. పెంకు అరిగినా, పగిలినా అదొక్కటే తీసి మరొకటి పెట్టవచ్చు. నీటిని ఆపే పొర జోలికి పోనక్కరలేదు. అంటే అరిగిపోవడానికే ఒక పొరను కేటాయించి, అరగకూడని పొరను దాని చాటున దాచారు. నడిచే కప్పును కాపాడే విద్య మొత్తం ఈ ఒక్క వాక్యంలో ఇమిడి ఉంది. తరువాతి కాలంలో మనం మరచినది కూడా దీన్నే.

సున్నానికి మరొక సుగుణం ఉంది. అది ఏళ్ళ తరబడి నెమ్మదిగా గట్టిపడుతుంది. ఎండకు సాగి, చలికి ముడుచుకోవడంలో సిమెంటు కంటే ఓర్పు గలది. వెంట్రుకవాసి పగుళ్ళు పడితే, వాననీటిలో కరిగిన సున్నమే ఆ పగులులో తిరిగి పేరుకొని దాన్ని కొంతమేరకు పూడ్చేస్తుంది. అయితే సున్నపు మిద్దెకు శత్రువులు లేకపోలేదు. బరువైన దెబ్బ దానికి పడదు. మిద్దె మీద రోకలితో దంచవద్దని, కట్టెలు కొట్టవద్దని, మంచాలు ఈడ్చవద్దని పెద్దలు కేకలు వేసేవారు. ఆ కేకలను చాదస్తంగా కొట్టిపారేయడానికి లేదు. పాదమంతా ఆనించి నడిచే మనిషి బరువు వెడల్పుగా పంచుకొని పడుతుంది. మంచం కోడు మీద పడే బరువు రూపాయి బిళ్ళంత చోట కేంద్రీకరిస్తుంది. ఈ తేడా వారికి లెక్కల్లో కాకపోయినా అనుభవంలో తెలుసు. పైగా డాబా ఎక్కేవారు చెప్పులు కింద విడిచి ఎక్కేవారు. వడియాలు పెట్టే చోటని మడి కోసం చేసిన పని అది, మిద్దెకు కూడా మేలు చేసింది.

*

1874లో వాడీ నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. అంతటితో కప్పుల చరిత్ర ఒక మలుపు తిరిగింది. టేకు దూలాల స్థానంలో ఇనుప గర్డర్లు వచ్చాయి. గర్డరుకూ గర్డరుకూ మధ్య ఇటుకలతో చిన్న కమానులు కట్టి, పైన సున్నపు కాంక్రీటు నింపి చదును చేసే పద్ధతి నగరమంతటా పాకింది. పాత బంగళాల్లో పడుకుని పైకి చూస్తే అలలు అలలుగా కనిపించేవి ఆ కమానులే. ఆ రైలుదారిలోనే తాండూరు, దానికి ఎగువన షాబాదు ఉన్నాయి. అక్కడి నాపరాళ్ళు పొరలు పొరలుగా ఊడివస్తాయి. నేలకు పరిచే ఆ బండలను డాబా మీద కూడా పరిచారు. పలక పెంకు చేసే పనే, మరింత గట్టిగా చేసింది షాబాదు బండ.

విచిత్రమేమంటే, ఆ షాబాదు సున్నపురాయే తరువాత సున్నపు మిద్దెకు కాలం చెల్లేలా చేసింది. నిజాం రాజ్యంలో అంతర్భాగంగా ఉన్న షాబాదులోనే 1920లలో సిమెంటు కర్మాగారం వెలిసింది. రెండు మూడు దశాబ్దాలు గడిచేసరికి గానుగలు మూతపడ్డాయి, బద్దల చప్పుడు ఆగిపోయింది. పది రోజులు కొట్టవలసిన మిద్దెకు బదులు, ఒక్క పూటలో పోయగల స్లాబు వచ్చింది.

స్లాబు మహోపకారి. అందులో సందేహం లేదు. మధ్యతరగతి మనిషికి మేడ అందినది దాని వల్లనే. 1960లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు వంటి సంస్థలు చిన్న ఉద్యోగులకు ఇళ్ళు కట్టించగలగడం స్లాబు లేకపోతే సాధ్యమయ్యేది కాదు. అమీర్‌పేటను ఆనుకొని ఉన్న సంజీవరెడ్డి నగర్, వెంగళరావు నగర్‌లు అలాంటి కాలనీలే. కానీ అడుగు మందమున్న పొరల కట్టు స్థానంలో వచ్చినది నాలుగైదు అంగుళాల ఒంటరి పలక. బరువు మోసేది అదే, నీటిని ఆపేది అదే, వేడిని ఆపవలసినదీ అదే, అడుగులను భరించేదీ అదే. పాత మిద్దె నాలుగు పొరలకు పంచిన నాలుగు పనులూ ఇప్పుడు ఒకదాని నెత్తిన పడ్డాయి. పైన అంగుళం మందం సిమెంటు పూత పూసి, ఆ పూతనే రక్షణ అనుకున్నాం.

అయినా మన అలవాట్లు మారలేదు. కింద ఉన్నది సున్నమో సిమెంటో చూసుకోకుండా పాత మిద్దె మీద చేసిన పనులన్నీ కొత్త స్లాబు మీద చేశాం. 1966 జూన్ 2వ తేదీన హైదరాబాదులో 45.5 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. అలాంటి ఎండాకాలాల్లో సాయంత్రం డాబా మీద బకెట్ల కొద్దీ నీళ్ళు చల్లి, నవారు మంచాలు పైకెక్కించి, వరుసగా పక్కలు పరచుకోని ఇల్లు ఆ కాలనీల్లో అరుదు. ఒళ్ళు కాలేంతగా మరిగిన స్లాబు మీద ఒక్కసారిగా చన్నీళ్ళు పోస్తే పైపూత ముడుచుకొని సన్నని పగుళ్ళు విచ్చుతుంది. ఆ పగుళ్ళ మీదుగా మంచాలు ఈడుస్తాం. సంక్రాంతికి గాలిపటాల వెనుక పిల్లలు వెనక్కి వెనక్కి పరుగులు తీస్తారు. సిమెంటుకు సున్నపు ఓర్పు లేదు. పగులు పడితే దానంతట అది పూడే గుణం బహు స్వల్పం. జూన్ వచ్చేసరికి ఆ పగుళ్ళలోకి నీరు దిగుతుంది. నీరు దిగితే లోపలి ఇనుప చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పెచ్చులు పెచ్చులుగా ఊడిపడుతుంది. పైన అడుగు వేసినవాడికీ, కింద పెచ్చు మీద పడినవాడికీ మధ్య పది పదిహేనేళ్ళ వ్యవధి ఉండడంతో, ఒకటి మరొకదానికి కారణమని ఎవరికీ తోచదు.

*

కప్పు మీది నడక లోకమంతటా ఉన్నదే. పాత నిబంధనలోని ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో, కొత్త ఇల్లు కట్టేవాడు కప్పు చుట్టూ పిట్టగోడ కట్టితీరాలని ఒక శాసనం ఉంది. మనుషులు కప్పు మీద తిరగడం అంత మామూలు కాకపోతే ధర్మశాస్త్రంలో దానికి చోటు దక్కేది కాదు. మన కాలపు శాస్త్రం కూడా ఈ భేదాన్ని గుర్తించింది. భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐ.ఎస్. 875 రెండవ భాగం (1987) కప్పులను రెండు తెగలుగా విడదీసింది. మనుషులు ఎక్కే కప్పు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్ల భారం తట్టుకునేలా ఉండాలి. ఎక్కని కప్పుకు అందులో సగం, 0.75 చాలు. 1.5 అంటే సుమారు 150 కిలోలు, అంటే చదరపు మీటరుకు ఇద్దరు మనుషులు.

ఈ లెక్కను దగ్గర పెట్టుకొని, గడచిన యాభై ఏళ్ళలో అమీర్‌పేట డాబాల మీదికి ఏమేమి ఎక్కాయో చూద్దాం. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలయ్యాక పిట్టగోడలకు యాంటెన్నాల గొట్టాలు మొలిచాయి. ఆ తరువాత ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకులు వచ్చాయి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. అది ఆనే చోటు ఇంచుమించు ఒక చదరపు మీటరు. అంటే ప్రమాణంలో చెప్పిన భారానికి ఆరేడు రెట్లు. స్తంభాల మీదనో, దూలం మీదనో ఇటుక దిమ్మె కట్టి నిలిపితే చిక్కు లేదు. ఖాళీ ఉన్నచోట దింపితే స్లాబు నడుము వంగుతుంది. ఆపైన కేబుల్ తీగలు, డిష్షులు, సెల్ టవర్లు, భారీ ప్రకటన ఫలకాలు వచ్చాయి. అమీర్‌పేట, పంజగుట్ట కూడళ్ళలో తల ఎత్తితే ఆకాశం కంటే ముందు చీరల దుకాణాల బొమ్మలు కనిపించిన రోజులున్నాయి. 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం నేలనుంచి 15 అడుగులకు మించిన ఎత్తున ప్రకటన ఫలకాలు ఉండరాదని ఉత్తర్వు ఇచ్చింది. అక్కడితో ఆ బరువు దిగడం మొదలైనా, వాటి కోసం స్లాబులో దిగేసిన బోల్టుల రంధ్రాలు మాత్రం దిగిపోలేదు.

ఈ సరంజామా వెంట వచ్చిన మరో మార్పు ఉంది. పూర్వం డాబా మీద నడిచినవి ఇంటివారి పాదాలు. ఎక్కడ పగులుందో, ఎక్కడ నీరు నిలుస్తుందో వాటికి తెలుసు. ఇప్పుడు నడిచేవి మెకానిక్కుల బూట్లు. వారు ఒక్కసారే వస్తారు, పని చూసుకుంటారు, వెళ్ళిపోతారు. కాలికింద నలిగిన పూత ఎవరి నెత్తిన కారుతుందో వారికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు.

ఎనభైలలో సొంత ఇళ్ళు కూలి అపార్ట్‌మెంట్లు లేవడంతో ఇంటివారి పాదాలకు కూడా ఆ ఎరుక పోయింది. 1987లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం పైకప్పును ఉమ్మడి భాగాల్లో చేర్చింది. న్యాయానికి అది సరైనదే. నాలుగంతస్తుల వారికీ కప్పు ఒక్కటే కదా. కానీ అనుభవంలో ఏమైంది? డాబాపై హక్కు అందరిదీ, కారే నీరు పై అంతస్తు వారొక్కరిది. మరమ్మతుకు చందా వేయాలన్నప్పుడు కింది అంతస్తు వారికి తమ కప్పు పొడిగానే ఉన్నట్లు కనిపిస్తుంది. సంఘం సమావేశాల్లో ఈ విషయం మీద మాటామాటా పెరిగి, మొహమొహాలు చూసుకోవడం మానుకున్న ఇరుగుపొరుగులు నగరంలో ఎందరో. తుప్పు కింది అంతస్తుల చువ్వలదాకా దిగేసరికి అందరికీ సత్యం బోధపడుతుంది. అప్పటికి మరమ్మతు ఖర్చు చందాలతో తీరేదిగా ఉండదు.

తొంభైల చివర మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ శిక్షణా కేంద్రాలు పుట్టగొడుగుల్లా లేచాయి. రెండు రాష్ట్రాల పల్లెల నుంచీ, పొరుగు రాష్ట్రాల నుంచీ పిల్లలు వచ్చి చేరారు. సందుసందునా హాస్టళ్ళు వెలిశాయి. ఒక కుటుంబం కోసం కట్టిన డాబా యాభైమందికి బట్టలారేసుకునే చోటు, ఫోను మాట్లాడుకునే చోటు, ఇంటర్వ్యూ ప్రశ్నలు వల్లెవేసుకునే చోటు అయింది. సంచి భుజాన వేసుకొని నగరానికి వచ్చిన పిల్లవాడికి ఒంటరిగా ఆకాశం చూడడానికి దొరికిన జాగా అదొక్కటే. ఊళ్ళో అమ్మతో మాట్లాడినదీ, ఉద్యోగం వచ్చిందన్న కబురు విన్నదీ, రాలేదన్న కబురు దిగమింగినదీ అక్కడే. ఆ అడుగులను ఎవరు మాత్రం తప్పు పట్టగలరు? తప్పల్లా, ఆ స్లాబును మూతగా కట్టి నేలగా అద్దెకివ్వడంలో ఉంది. ఆ స్లాబు కిందనే, ఎండాకాలం రాత్రి పది దాటినా వేడి దిగే పై అంతస్తు గదుల్లో, వానాకాలం గోడలు చెమ్మగిల్లే గదుల్లో నిద్రపోయేదీ ఆ పిల్లలే. 2020లో మహమ్మారి వచ్చినప్పుడు ఆ డాబాలు కొన్నాళ్ళు నిర్మానుష్యమయ్యాయి. అడుగులు ఆగినంత మాత్రాన కప్పులు బాగుపడలేదు.

*

2000 ఆగస్టు 24న, అమీర్‌పేటకు పొరుగునే ఉన్న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. 2020 అక్టోబరులో మరోసారి అటువంటి కుండపోత వచ్చింది. అలాంటి వానలు నగరంలోని ప్రతి డాబాకూ పెట్టిన పరీక్షలు. ఆ తరువాతనే అందరమూ వాటర్ ప్రూఫింగ్ చేసేవారి కోసం పరుగులు తీస్తాం. వారు తారు పట్టాలు వేస్తారు, లేదా రబ్బరులాంటి పూతలు పూస్తారు. ఈ పూతలు నీటిని బాగానే ఆపుతాయి. అయితే అవి పాశ్చాత్య దేశాల్లో ఎవరూ ఎక్కని కప్పుల కోసం పుట్టినవి. అక్కడ మరమ్మతు మనిషి వెళ్ళడానికి కూడా ప్రత్యేకంగా పలకల బాట వేస్తారు. మన ఎండకు తారు మెత్తబడుతుంది. దాని మీద కుర్చీ వేసి కూర్చుంటే నాలుగు కాళ్ళూ నాలుగు గుంటలు చేస్తాయి. పూత వేయించిన వారంలోనే దాని మీద మిరపకాయలు ఆరబోసి, పారతో ఎగదోసేవారిని చూస్తుంటాం. ఏడాదికి మళ్ళీ కారితే, మందు మంచిది కాదంటాం.

తెల్లని చల్లకప్పుల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. పంజగుట్టకు కూతవేటు దూరంలో, రాజ్‌భవన్ దారిలోని బెల్లావిస్టాలో ఉన్న అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, నగరపాలక సంస్థ, మరికొన్ని సంస్థలు కలిసి 2017లో కొన్ని పేదల ఇళ్ళ కప్పుల మీద తెల్లని పొర వేసి ప్రయోగం చేశాయి. ఇంటిలోపలి వేడి తగ్గినట్లు తేలింది. దాని కొనసాగింపుగా తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లకప్పుల విధానాన్ని ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల చల్లకప్పులు దాని లక్ష్యం. ఉదాత్తమైన లక్ష్యమే. కానీ తెల్లపూత కూడా అడుగులకు అరుగుతుంది, దుమ్ముకు మాస్తుంది. మాసిన తెలుపు ఎండను తిప్పికొట్టదు. ఎవరూ ఎక్కని కప్పుకు పూత చాలు. నిత్యం నడిచే డాబాకు తెల్లని పలకలు పరచడమే మేలు. ఆ విధానంలో పలకలకూ చోటుంది. గుజరాత్ వైపునుంచి వచ్చిన చైనా మొజాయిక్, అంటే పగిలిన తెల్ల పింగాణీ పలకల ముక్కలు అతికే పద్ధతి, వేడినీ నీటినీ అడుగులనూ ఒకేసారి ఎదుర్కొంటుంది. ఆలోచిస్తే అది పాత పలక పెంకుకు మనుమరాలే.

ఇంతకూ చేయవలసినదేమిటని అడిగితే, పాత మేస్త్రీల మాటలనే కొత్త సామాగ్రితో చెప్పుకోవాలి. మొదటిది వాటం. సమతలపు కప్పు నిజానికి సమతలం కాకూడదు. కనీసం వందకు ఒకటి చొప్పున తూము వైపు వాలు ఉండాలి. రెండవది, పిట్టగోడ డాబాను కలిసే మూలలో గుండ్రంగా తీర్చే గోలా. నీరు ఎక్కువగా దిగేది అక్కడినుంచే. మూడవది, నీటిని ఆపే పొర మీద అరగడానికి వేరొక పొర. మొత్తం డాబాకు పలకలు వేసే స్తోమత లేకపోతే, మెట్ల నుంచి ట్యాంకు దాకా, ట్యాంకు నుంచి దండెం దాకా షాబాదు బండలతో ఒక కాలిబాటైనా వేయవచ్చు. మనుషులు బాట ఉన్నచోటే నడుస్తారు. నాలుగవది, మంచం కోళ్ళకూ యాంత్రిక పరికరాలకూ కింద వెడల్పాటి చెక్క లేదా రబ్బరు. అయిదవది, స్లాబులో బోల్టు దించేవాడి చేతనే ఆ రంధ్రాన్ని పూడ్పించే పట్టుదల.

*

ఎర్రమంజిల్ సంగతి మిగిలింది. ఆ మేడ చాలాకాలం ప్రభుత్వ ఇంజనీరింగ్ కార్యాలయాలకు నెలవుగా ఉంది. 2019లో దాన్ని కూల్చి కొత్త శాసనసభా భవనం కట్టాలని నిర్ణయించి, జూన్ 27న శంకుస్థాపన కూడా చేశారు. భవనం శిథిలమైందన్నది ప్రభుత్వం వాదన. ఆ ఏడాది సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. మేడ నిలిచింది. అయితే న్యాయస్థానం కూల్చివేతను ఆపగలదు కానీ వాననీటిని ఆపలేదు. పాలకులు కూల్చకపోయినా, ఎవరూ ఎక్కి చూడని కప్పు తనంతట తానే కూలుతుంది. తూములో ఆకులు అడ్డుపడితే నీరు నిలుస్తుంది. పిట్టగోడ పగులులో రావిమొక్క మొలుస్తుంది. దాని వేరు గోడను చీలుస్తుంది.

ఇక్కడే ఈ చరిత్ర మనకు నేర్పే అసలు పాఠం ఉంది. అడుగుల వల్ల డాబా పాడవుతోందని కొన్ని అపార్ట్‌మెంట్ల వారు తలుపుకు తాళం వేసి ఊరుకుంటున్నారు. తాళం వేసిన డాబాలు రెండు వానాకాలాలకే నడిచిన డాబాల కంటే అధ్వాన్నమవడం మనం చూస్తున్నాం. అడుగు కప్పును అరగదీస్తుంది, నిజమే. కప్పు జబ్బును మొదట కనిపెట్టేది కూడా అడుగే. అనుభవజ్ఞుడైన మేస్త్రీ డాబా ఎక్కగానే చెప్పులు విడిచి నాలుగు మూలలా నడుస్తాడు. కర్రతో అక్కడక్కడా తట్టి చూస్తాడు. గట్టిగా ఉన్నచోట ఒక మోత, డొల్లగా ఉన్నచోట మరొక మోత. చెమ్మ, వాలు, పగులు, ఇవన్నీ అరికాలికి తెలుస్తాయి.

కనుక డాబాను అడుగులకు దూరం చేయనక్కరలేదు. అడుగులను మోయగలిగే నేలగా దాన్ని కట్టుకొని, దాని మంచిచెడ్డలు తెలిసిన అడుగులను దాని మీద ఉంచుకుంటే చాలు. రోహిణీ కార్తె ఎండలు తగ్గి, మృగశిర చినుకు పడకముందే, చెప్పులు కింద విడిచి ఒక ఉదయం డాబా అంతా నడిచి, తూములో ఆకులు తీసి రావడానికి అరగంట కంటే పట్టదు. తాతల నాడు పక్కలు వేసుకోవడానికి ఎక్కేవారు రోజూ చేసిన పని అదే. దానికి వాటర్ ప్రూఫింగ్ అన్న పేరు వారికి తెలియదు.